పెద్దవీధి సత్రాన్ని కూల్చే తీర్మానానికి మేము ఎందుకు ఒప్పుకోం



వచ్చే నెల సర్వసభ్య సమావేశం అజెండాలో నాలుగో అంశం అందరూ చూసే ఉంటారు. పెద్దవీధిలో ఉన్న మన సత్రం శిథిలమైంది కాబట్టి దాన్ని తొలగించి, ఆ స్థలంలో మూడంతస్తుల వాణిజ్య సముదాయం, పై అంతస్తులో ఏసీ కల్యాణ మండపం కట్టడానికి సభ్యుల ఆమోదం కోరుతున్నారు. రెండు వాక్యాల తీర్మానం. నూరేళ్ళు దాటిన భవనానికి రెండు వాక్యాలు.

గ్రూపులో కొందరు "పాత గోడల మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఫొటోలు తీసుకుని ఇంట్లో పెట్టుకోండి" అని రాశారు. ఇంకొకరు "అభివృద్ధికి అడ్డు పడే బ్యాచ్" అని మాకు పేరు కూడా పెట్టారు. పెట్టుకోనివ్వండి. మేము అభివృద్ధికి అడ్డం కాదు. పెద్దవీధి మళ్ళీ లేవాలని కమిటీ ఎంత కోరుకుంటోందో మేమూ అంతే కోరుకుంటున్నాం. మా వాదన ఒక్కటే. సత్రాన్ని కూలిస్తే ఆ వీధి లేవదు. దాన్ని బాగు చేసి రోజూ వాడితేనే లేస్తుంది. ఎందుకో వివరంగా చెబుతాం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. చదివాక ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, చదవకుండా మాత్రం చెయ్యెత్తకండి.

ముందు పెద్దవీధి సంగతి. ఒకప్పుడు ఊరంటేనే పెద్దవీధి. బట్టల కొట్లు, ఇత్తడి సామాను, వెండి పని, మందుల షాపు, పూల అంగళ్ళు, కాఫీ హోటలు అన్నీ అక్కడే. పక్క పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ళు రాత్రికి మన సత్రం అరుగు మీదే పడుకునేవాళ్ళు. తర్వాత బైపాస్ వచ్చింది. బస్టాండు ఊరి బయటికి పోయింది. జౌళి షోరూములు బైపాస్ పక్కకు మారాయి. పెద్దవీధిలో ఇప్పుడు సగం షట్టర్లు దించే ఉంటున్నాయి. రాత్రి ఎనిమిది దాటితే కుక్కలు తప్ప మనిషి కనపడడు. ఇందులో కమిటీకీ మాకూ తేడా లేదు. జబ్బు ఒకటేనని ఇద్దరం ఒప్పుకున్నాం. మందు దగ్గరే పేచీ.

కమిటీ పెద్దల మందు కాంప్లెక్స్. సరే, ఒకసారి ఆలోచిద్దాం. బైపాస్ మీద ఇప్పటికే కాంప్లెక్సులు ఉన్నాయి. కార్లు నిలపడానికి అక్కడ బోలెడు చోటుంది. కొత్త లిఫ్టులు, గాజు అద్దాలు ఉన్నాయి. వాటిలోనే పై అంతస్తులకు "అద్దెకు ఇవ్వబడును" బోర్డులు వేలాడుతున్నాయి. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన పెద్దవీధిలో అలాంటిదే మరొకటి కడితే ఎవరొస్తారు? బైపాస్‌తో బైపాస్ ఆట ఆడి పెద్దవీధి గెలవదు. బైపాస్ దగ్గర లేనిదీ, ఎంత డబ్బు పోసినా కొనలేనిదీ పెద్దవీధిలో ఒకటుంది. అది దాని వయసు. వరుసగా అరుగులు, చెక్క స్తంభాలు, పెంకు వసారాలు, నడిచి తిరగగల వీధి, ఎండలో నీడ. మన చేతిలో ఉన్న పెట్టుబడి అదే. దాన్నే ముందు పగలగొడదాం అంటున్నారు.

ఇది పగటి కల కాదు. మన ఊరి నుంచి బస్సులో వెళ్ళి చూసి రాగల ఊళ్ళలో ఇది జరిగింది. ఎక్కడ బాగా జరిగిందో, ఎక్కడ చెడిందో రెండూ చెబుతాం.

పుదుచ్చేరిలో పడమటి వైపు తమిళ పేటలో కాల్వే సుబ్బరాయ చెట్టి వీధి ఉంది. అందరూ వైశ్యాల్ వీధి అంటారు. సముద్రం వైపు ఫ్రెంచి వీధుల ఫొటోలు అందరికీ తెలుసు. ఈ వీధి కథ తెలిసినవాళ్ళు తక్కువ. అక్కడి ఇళ్ళు కింద తమిళ ఇళ్ళు, పైన ఫ్రెంచి మేడలు. కింద అరుగు, చెక్క స్తంభాల మీద వీధి వైపు వసారా, లోపల మండువా. పైన కమాను కిటికీలు, గుండ్రటి స్తంభాలు. ఈ శతాబ్దం మొదట్లో ఆ ఇళ్ళు కూడా మన సత్రం లాగే ఉండేవి. పెచ్చులూడిన గోడలు, అడ్డదిడ్డంగా తగిలించిన బోర్డులు, అరుగు మూసి కట్టిన గదులు. యూరోపియన్ కమిషన్ వారి ఆసియా అర్బ్ పథకం కింద పుదుచ్చేరి, ఇటలీలోని ఉర్బినో, ఫ్రాన్సులోని విల్‌నవ్-సుర్-లో పట్టణాలు కలిసి ఒక పని మొదలుపెట్టాయి. ఇంటాక్ సంస్థ దగ్గరుండి చేయించింది. ఆ వీధిలో దాదాపు ఇరవై ఇళ్ళ ముందు భాగాలను బాగు చేశారు. ఖర్చంతా పథకం పెట్టలేదు, ఇంటి యజమానులు కూడా తమ వాటా వేసుకున్నారు. 2008లో ఆ పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

ఇందులో మనం గమనించాల్సింది పురస్కారం కాదు. ఒక్క ఇంటిని రాజభవనం చేసి వదల్లేదు. వీధిని వీధిగా చూశారు. ఇంట్లోవాళ్ళను ఖాళీ చేయించలేదు. సొంత డబ్బు కొంత పెట్టిన మనిషి ఆ గోడను మళ్ళీ పాడు కానివ్వడు. ఈ మూడూ మన పెద్దవీధిలో చేయలేనివా?

పుదుచ్చేరిలో రెండో కథ కూడా ఉంది, దాన్నీ దాచం. 1990లలో అక్కడ ఇంటాక్ సుమారు 1,800 పాత భవనాలను గుర్తించి జాబితా వేసింది. తర్వాతి ఏళ్ళలో అందులో కొన్ని వందలు కూలగొట్టేశారు. అన్నిటికంటే పెద్ద పాఠం మేరీ భవనం. సముద్రం ఒడ్డున 19వ శతాబ్దంలో కట్టిన పాత పురపాలక భవనం అది. బాగు చేయాలని ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉన్నారు. 2014 నవంబరు 29న వానలకు కూలిపోయింది. తర్వాత ప్రపంచ బ్యాంకు నిధులతో పాత రూపంలోనే మళ్ళీ కట్టి 2021లో ప్రారంభించారు. చూడటానికి బాగుంది, కాదనం. కానీ అది పాత భవనం కాదు, దాని నకలు. పైకప్పు కారుతున్నప్పుడు చేయాల్సిన పనిని వాయిదా వేసి, చివరికి మొత్తం భవనమే కట్టాల్సి వచ్చింది. మన సత్రం ఇవాళ సరిగ్గా ఆ వాయిదా దశలో ఉంది. తేడా ఏమిటంటే, పుదుచ్చేరిలో వాన కూల్చింది. ఇక్కడ మనమే కూలుద్దామని తీర్మానం రాసుకుంటున్నాం.

ఇక తరంగంబాడి. మన తెలుగువాళ్ళకు ఆ ఊరితో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. 1620లో డేనిష్‌వాళ్ళు అక్కడ స్థిరపడటానికి అనుమతి ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. స్వయంగా తెలుగు కవి, తెలుగు కవులను పోషించినవాడు. బంగారు రేకు మీద డెన్మార్క్ రాజుకు ఆయన రాయించిన లేఖ ఇప్పటికీ డెన్మార్క్‌లో భద్రంగా ఉంది. రెండు శతాబ్దాలకు పైగా ఆ ఊరు వాళ్ళ చేతిలో ఉంది. 1845లో బెంగాల్లోని సెరాంపూర్‌తో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషు కంపెనీకి అమ్మేశారు. ఆ తర్వాత వ్యాపారం నాగపట్నం వైపు పోయింది, రైలూ అక్కడికే పోయింది. తరంగంబాడి నిద్రపోయింది. మన ఊరికి బైపాస్ చేసిన పని, ఆ ఊరికి రైలు చేసింది.

2004 డిసెంబరు 26 సునామీ ఆ తీరాన్ని ముంచేసింది. ఆ తర్వాత ఆ ఊరి మీద మళ్ళీ దృష్టి పడింది. డెన్మార్క్ జాతీయ మ్యూజియం, తమిళనాడు పురావస్తు శాఖ, ఇంటాక్ తలా ఒక పని పట్టుకున్నాయి. డేనిష్ గవర్నర్ బంగళాను నిలబెట్టారు. కంసాలి వీధిలో అరుగులున్న మామూలు తమిళ ఇళ్ళను కూడా బాగు చేశారు. కోట, ఊరి ద్వారం, పాత చర్చిలు ఎలాగూ ఉన్నాయి. సెలవు రోజుల్లో జనం వస్తున్నారు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కోట నుంచి ఊరి ద్వారం దాకా ఉన్న రాజవీధిలో సాయంత్రం నడిచి చూడండి. భవనాలు అందంగా ఉన్నాయి, వీధి మాత్రం నిశ్శబ్దంగా ఉంది. యాత్రికుడు ఫొటో తీసుకుని కారెక్కి పోతాడు. ఉప్పు, పప్పు కొనడు, పిల్లవాణ్ణి ట్యూషన్‌కు పంపడు, సాయంత్రం అరుగు మీద కూర్చోడు. దీన్నిబట్టి మేము నేర్చుకున్నది ఒకటుంది. గోడలను బాగు చేయడం సగం పనే. రోజూ ఆ గుమ్మం తొక్కే మనుషులు ఉండటం మిగతా సగం. మమ్మల్ని "పాత గోడల పిచ్చివాళ్ళు" అంటున్నవాళ్ళు ఈ వాక్యం రెండోసారి చదవాలని మనవి.

మనుషులను తరిమి రాళ్ళను కాపాడితే ఏమవుతుందో చూడాలంటే హంపికి వెళ్ళండి. 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. విరూపాక్షుడి గుడి ఎదుట రాయల కాలం నాటి బజారు. ఆ మండపాల్లో, వాటి మధ్య ఎన్నో ఏళ్ళుగా కుటుంబాలు, హోటళ్ళు, చిన్న కొట్లు ఉండేవి. 2011 జులైలో జేసీబీలు తెచ్చి తొలగించారు. మూడు వందలకు పైగా కుటుంబాలు చెదిరిపోయాయి. ఆక్రమణలు లేవని మేము అనం, రక్షణ అక్కర్లేదనీ అనం. కానీ బజారు అంటే మనుషులు. మనుషుల్ని తీసేశాక మిగిలింది రాతి స్తంభాల వరుస. దాన్ని బజారు అని బోర్డు పెట్టి పిలవాల్సి వస్తోంది. అందుకే చెబుతున్నాం. సత్రాన్ని ఏ హోటల్ కంపెనీకో ముప్పై ఏళ్ళ లీజుకు ఇచ్చి, ముందున్న ఆరు చిన్న కొట్లను ఖాళీ చేయించి, రాత్రికి ఇన్ని వేలని గదులు అమ్ముకునే ప్లాన్ ఎవరి మనసులోనైనా ఉంటే, దానికీ మేము ఇంతే గట్టిగా ఎదురు నిలుస్తాం. జేసీబీ వద్దు, రిసార్టూ వద్దు.

మరి ఏం కావాలి? వాడకం కావాలి. మధురైలో తిరుమల నాయకుని మహల్ చూడని తెలుగువాడు మన సంఘంలో ఉండడు. 17వ శతాబ్దంలో కట్టిన ఆ మహల్లో చాలా భాగాన్ని ఆయన మనుమడు చొక్కనాథుడే విప్పి తిరుచిరాపల్లికి తరలించాడని చెబుతారు. మిగిలినదాన్ని 1860లు, 70లలో మద్రాసు గవర్నర్ నేపియర్ చొరవతో బాగు చేశారు. ఆ తర్వాత చాలా కాలం అందులో జిల్లా కోర్టు నడిచింది. కోర్టు నడిచినన్నాళ్ళు కప్పు కారితే ఎవరో ఒకరు అర్జీ పెట్టేవారు, ఎవరో ఒకరు మేస్త్రీని పంపేవారు. వాడుతున్న భవనం బతుకుతుంది. తాళం వేసిన భవనం పాడవుతుంది. మన సత్రం పాడైంది వయసు వల్ల కాదు. వెనక భాగానికి పన్నెండేళ్ళ కింద మనమే తాళం వేశాం కాబట్టి.

ఇప్పుడు కమిటీ వాదనలు ఒక్కొక్కటిగా తీసుకుందాం.

మొదటిది, "భవనం ప్రమాదకరం, ఇంజనీరు రిపోర్టు ఉంది." ఆ రిపోర్టు మేమూ చదివాం. ఒక పేజీ. "గోడలకు చెమ్మ ఉంది, పైకప్పు బలహీనం, తొలగించడం మంచిది." ఏ గోడ, ఎంత చెమ్మ, ఏ దూలం, ఎంత పుచ్చింది అన్నది ఒక్క చోట కూడా లేదు. మన సత్రం గానుగ సున్నంతో కట్టింది. పైకప్పు మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద పల్చటి ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో అతికి, పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టి, దాని మీద బిళ్ళలు పరిచారు. ఇలాంటి కప్పుకు ఎక్కడ జబ్బు చేస్తుందో సున్నం పని తెలిసిన ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు. గోడలోకి పోయిన దూలం చివర దగ్గర. పైన బిళ్ళల సందులోంచి నీరు దిగి, దూలం చివర నాని పుచ్చిపోతుంది. అప్పుడు ఆ దూలాన్ని మార్చుకోవచ్చు, చివర వరకు కోసి అతుకు వేయవచ్చు. నాలుగు దూలాలు పుచ్చితే భవనమే తీసేయమనడం, ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం లాంటిది.

చెమ్మ కథ ఇంకా ముఖ్యం. కొన్నేళ్ళ కింద సంఘం డబ్బుతోనే ముందు గోడలకు సిమెంటు పూత వేయించి, మీద ప్లాస్టిక్ పెయింటు కొట్టించారు. సున్నపు గోడ ఊపిరి పీల్చే గోడ. నేలలోంచి ఎక్కిన తేమ ఆ గోడలోంచే ఆవిరై బయటికి పోవాలి. పైన సిమెంటు వేస్తే తేమకు దారి మూసుకుపోతుంది. అది లోపలే ఉండి, మెల్లగా పైకి ఎక్కి, తెల్లగా ఉప్పు పొంగి, పూతను పెచ్చులుగా నెట్టేస్తుంది. అంటే రిపోర్టులో రాసిన చెమ్మలో చాలా భాగం పాతదనం వల్ల వచ్చింది కాదు, కొత్త సిమెంటు వల్ల వచ్చింది. ఆ సిమెంటు చెక్కించి మళ్ళీ సున్నపు పూత వేస్తే గోడ ఆరుతుంది. నెలలు పడుతుంది, కానీ ఆరుతుంది. కప్పు మీద మొలిచిన రావి మొక్కను వేరుతో సహా తీయించడానికి, వాన నీరు పోయే తూములు శుభ్రం చేయించడానికి ఏ ఇంజనీరు రిపోర్టూ అక్కర్లేదు. రేపు పొద్దున్న ఇద్దరు కూలీలతో అయ్యే పని. అది కూడా చేయకుండా "ప్రమాదం" అనడం న్యాయం కాదు.

రెండోది, "మరమ్మతుకు అంత డబ్బెక్కడిది?" ఈ ప్రశ్న వేసేవాళ్ళే మూడంతస్తుల భవనానికి బ్యాంకు అప్పు తెస్తామంటున్నారు! మరమ్మతులో ఒక సుఖముంది. అది విడతలుగా చేసుకోవచ్చు. ఈ ఏడాది కప్పు, వచ్చే ఏడాది గోడలు, ఆ తర్వాత మండువా నేల. డబ్బు వచ్చిన కొద్దీ పని. కొత్త భవనం అలా కాదు. సగం పిల్లర్లు లేచాక డబ్బు ఆగితే, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు ఆకాశం చూస్తూ నిలబడతాయి. ఊరికి ఆ దిష్టిబొమ్మ ఎన్నేళ్ళు ఉంటుందో దేవుడికే తెలుసు. ఇంకొకటి. కాంప్లెక్స్ కట్టే డబ్బులో పెద్ద భాగం ఇనుముకూ సిమెంటుకూ పోతుంది, అంటే ఊరు దాటి పోతుంది. మరమ్మతు డబ్బులో పెద్ద భాగం కూలికి పోతుంది. సున్నం నానబెట్టేవాడు, గోడ పూసేవాడు, వడ్రంగి, పెంకులు సర్దేవాడు. ఆ కూలి డబ్బు సాయంత్రానికి పెద్దవీధి కిరాణా కొట్టుకే చేరుతుంది.

మూడోది, "మన తెలుగువాళ్ళకు పెళ్ళిళ్ళకు పెద్ద హాలు కావాలి." కావాలి, ఒప్పుకుంటాం. కానీ కల్యాణ మండపానికి కావాల్సింది కార్ల పార్కింగు, వంటశాల, జనరేటరు, అర్ధరాత్రి దాకా బస్సు తిరిగే చోటు. ఇవేవీ పెద్దవీధిలో లేవు, రావు. ఊరి బయట సంఘానికి స్థలం కొనే మాట వస్తే మేమే ముందు చందా రాస్తాం. పెద్దవీధి మండువాలో నిశ్చితార్థం, బారసాల, అక్షరాభ్యాసం, షష్టిపూర్తి చేసుకుందాం. వంద మంది కూర్చునే వేడుకకు ఆ మండువాను మించిన చోటు ఈ ఊళ్ళో లేదు.

నాలుగోది, అందరికంటే గట్టిగా వినిపిస్తున్నది, "సెంటిమెంటుతో కడుపు నిండదు." ఇది వ్యాపారుల సంఘం అయితే ఆ మాటకు విలువ ఉండేది. మనది ఏ సంఘం? ఎన్నో తరాల కింద ఈ నేలకు వచ్చి, తమిళం మధ్య తెలుగు మాట్లాడుతూ బతికినవాళ్ళ సంఘం. మన పిల్లల్లో ఎందరికి తెలుగు చదవడం వచ్చు? ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా తరం తరానికీ సన్నబడుతోంది. ఈ ఊళ్ళో మనం ఉన్నామని బహిరంగంగా చెప్పే తెలుగు అక్షరం ఒక్కచోటే ఉంది. సత్రం గుమ్మం మీద తమిళంతో పాటు తెలుగులో చెక్కిన శిలాఫలకం. దాన్ని తీసి కొత్త కాంప్లెక్స్ లిఫ్టు పక్కన గోడకు అతికిస్తామని కమిటీ సభ్యులు ఒకరు హామీ ఇచ్చారు. గుమ్మం లేని ఫలకం దేనికి? "బాటసారులకు నీడ కోసం" అని రాసి ఉన్న రాయిని సెల్‌ఫోన్ షోరూము మీద తగిలిస్తే, కట్టించిన పెద్దలకు మనం చేసేది గౌరవమా, వెక్కిరింపా?

ఇలాంటిది మనవాళ్ళకు కొత్త కాదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి వారు నివసించిన తిరుమంజన వీధి ఇల్లు ఏమైందో తెలుసు కదా. పాత ఇల్లు పోయి దాని చోట కొత్త స్మారక భవనం లేచింది. భక్తితోనే కట్టారు, సందేహం లేదు. కానీ ఆయన కూర్చున్న అరుగు, ఆయన తిరిగిన గడప ఇక ఏ భక్తుడికీ దొరకవు. అంతటి మహానుభావుడి ఇంటినే కాపాడుకోలేకపోయిన జాతి మనది. పేరు లేని సత్రానికి దిక్కెవరు అనుకుంటే, దిక్కు మనమే. వేరెవరూ రారు. కారైకుడిలో చెట్టినాడు ఇళ్ళ నుంచి ఊడదీసిన టేకు స్తంభాలు, తలుపులు పాత సామాను అంగళ్ళలో వరుసగా నిలబెట్టి అమ్ముతుంటారు. మన సత్రం తలుపులకు కూడా బేరం వచ్చిందని విన్నాం. వీధి వీధే ఆ అంగళ్ళకు చేరాక, ఊరికి మళ్ళీ జీవం పోయడం ఎవరి తరమూ కాదు.

విమర్శించి చేతులు దులుపుకోవడం మా ఉద్దేశం కాదు. మా ప్రతిపాదన ఇది.

ముందు కట్టించినవారి ధర్మపత్రం బయటికి తీసి సభ్యులందరికీ చదివి వినిపించాలి. ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికి వాడుతున్నామో లేదో తేలాలి. ఆ మాట తేలకుండా స్థలం మీద ఏ ఒప్పందమూ వద్దు.

వానాకాలం వచ్చేలోపు రావి మొక్క తీయించి, తూములు బాగు చేసి, కప్పు మీద పగిలిన బిళ్ళలు మార్పించాలి. పుచ్చిన దూలాల కింద తాత్కాలికంగా ఊతలు నిలబెట్టాలి. ఇది ఎవరు గెలిచినా ఎవరు ఓడినా చేయాల్సిన పని.

సున్నపు కట్టడాల మీద పని చేసిన ఇంజనీరుతో కొత్త రిపోర్టు తీసుకోవాలి. గది గదికీ, దూలం దూలానికీ. పురావస్తు శాఖ చేతిలో లేని పాత కట్టడాల కోసం తమిళనాడు ప్రభుత్వం 2012లోనే వారసత్వ కమిషన్ చట్టం చేసింది. ఆ దారిలో మనకు సాంకేతిక సాయం ఏమైనా అందుతుందేమో అర్జీ పెట్టి అడగాలి. అడగడానికి ఖర్చేమీ లేదు.

ముందున్న ఆరు కొట్లు అక్కడే ఉండాలి. పూల అంగడి, కాఫీ కొట్టు, టైలరు లేకపోతే ఆ అరుగుకు అర్థం లేదు. బాగు చేశాక అద్దె కొంత పెంచుదాం, ఒప్పందం రాసుకుని పెంచుదాం. ఖాళీ చేయించి కాదు.

లోపల మండువా చుట్టూ ఉన్న గదుల్లో ఒకదాంట్లో సాయంత్రం తెలుగు బడి, ఒకదాంట్లో పుస్తకాలు, పత్రికలు, పెద్దవాళ్ళు కూర్చునే చోటు. రెండు గదులు ఊరికి పని మీద వచ్చేవాళ్ళకు తక్కువ అద్దెకు. మండువా చిన్న వేడుకలకు, కచేరీలకు. ఊళ్ళో తమిళ సోదరులకు కూడా అదే ధరకు. ఇది మన ఒక్కరి భవనం కాదు, ఆ వీధిది. ఆ వీధి నిలబడితేనే మనం నిలబడతాం.

పని మొదలుపెట్టాక ఎదుటి ఇళ్ళవాళ్ళతో, పక్క ఇళ్ళవాళ్ళతో కూర్చుని మాట్లాడాలి. వైశ్యాల్ వీధిలో జరిగింది అదే. ఒక్క భవనం బాగుపడితే బాగుంటుంది, పది ముందు భాగాలు బాగుపడితే వీధి మారుతుంది. పెద్దవీధిలో పాత ఇళ్ళు ఇంకా చాలా నిలబడే ఉన్నాయి. మన సత్రం కూలితే, "పెద్ద సంఘమే కూల్చింది, మనదేముంది" అని ఒక్కో ఇల్లూ కూలుతుంది. సత్రం లేస్తే అవీ లేస్తాయి. అందుకే ఈ ఓటు ఒక్క భవనం మీద కాదు.

ఎవరినీ శత్రువులుగా చూడటం లేదు. కమిటీలో ఉన్నవాళ్ళు మన అన్నలే, మన మామలే. ఊరికి మంచి చేయాలన్న తపన వాళ్ళకూ ఉంది. కానీ తప్పు మందుకు మంచి మనసు విరుగుడు కాదు. కూల్చిన తర్వాత మనసు మార్చుకోవడానికి వీలుండదు. బాగు చేసిన తర్వాత మనసు మార్చుకోవాలంటే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తొందరెందుకు?

సమావేశానికి రండి. ప్రాక్సీ సంతకాలు పెట్టి పంపకండి, స్వయంగా రండి. వచ్చే ముందు ఒక్క పావుగంట పెద్దవీధికి వెళ్ళి, ఆ వెనక తాళం తీయించి, మండువాలో నిలబడి పైకి చూడండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. గుమ్మం మీద తెలుగు వాళ్ళ చేత చదివించండి. నాలుగో అంశం మీద ఓటింగు చేతులెత్తి కాదు, పేరు పేరునా జరగాలని మేము లిఖితపూర్వకంగా కోరబోతున్నాం. ఎవరు ఏ పక్కన నిలబడ్డారో మినిట్స్ పుస్తకంలో ఉండాలి. మన తర్వాతి తరం ఆ పుస్తకం తీసి చదివే రోజు తప్పకుండా వస్తుంది.